మబ్బుకు వేసిన వల

నేను పగ మరిచిపోయే మనిషిని కాను. ముందే చెబుతున్నాను. ఈ వయసులో చిన్ననాటి సంగతులు రాసేవాళ్లు చాలామంది చివరి పేజీకి వచ్చేసరికి అందరినీ క్షమించేసి, కళ్లొత్తుకుని, కలం పక్కన పెడతారు. నాకంత మంచితనం లేదు. మా జంగయ్య చిన్నాయన మీద కోపం నాకు తొమ్మిదో ఏట పుట్టింది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, ముప్పై ఏళ్లు బడిలో తెలుగు పాఠాలు చెప్పినా, ఆఖరికి మా ఆయన పోయి ఇల్లంతా ఏడుస్తున్నా, ఆ కోపానికి వేళకింత తిండి పెట్టి సాకుతూనే వచ్చాను. మొన్న ఆదివారం దాని ఆకలి తీర్చాను. తీరిందో లేదో చదివాక మీరే చెప్పండి.

అంతా మా మనవరాలు సింధు ఫోన్‌తో మొదలైంది. సింధు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ కొండాపూర్‌లో నా దగ్గరే ఉంటుంది. పొద్దున్నే నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "అమ్మమ్మా, ఇది మీ ఊరి చెరువే కదా? సండే వాక్ అంట. హార్బర్ నుంచి క్లిఫ్ మీదికి. పావుగంటే అంట" అంది. హార్బరట! నాలుగు తెప్పలు, వలలు ఆరేసుకునే రెండు బండలు, కాళ్లు కడుక్కునే ఒక రాయి. దాన్ని మేం రేవు అనేవాళ్లం. క్లిఫ్ అన్నది మా పెద్ద బండ. కళ్లజోడు పెట్టుకుని చూశాను. బండ కొసన ఒక బోర్డు పాతారు. పైన పెద్ద అక్షరాలతో 'జంగయ్య బండ' అని ఉంది. కింద చిన్న కథ. వెనకటికి ఒక ముసలమ్మ ఈ బండ మీద కూర్చుని, చూపు ఆనక, మబ్బు నీడను చేపల మంద అనుకుని వల వేయించిందట. వల చిరిగి పీలికలైందట. అప్పటి నుంచి జంగయ్యగారు బండ ఎక్కి ఊరిని నిలబెట్టారట. పక్కన పళ్లికిలిస్తున్న ఒక చేప బొమ్మ.

"భలే కామెడీ కదా అమ్మమ్మా, మబ్బుకు వల వేయించిందంట" అంటూ నవ్వింది సింధు.

"ఆ ముసలమ్మ మా నాయనమ్మ" అన్నాను.

సింధు నవ్వు ఆపేసింది. నా చేతిలో చిక్కుడుకాయ గింజలతో సహా నలిగిపోయింది. ఆదివారం నన్ను అక్కడికి తీసుకుపొమ్మని చెప్పి, ఆ చేతులతోనే కూర పొయ్యి మీద వేశాను. ఆ పూట కూరలో ఉప్పు వేయలేదని తిన్నాక గానీ తెలియలేదు.

మా నాయనమ్మ పేరు సత్తెమ్మ. గోపన్‌పల్లి దాటాక మా చిన్న ఊరు. ఇప్పుడు అక్కడ ఊరు లేదు, అపార్ట్‌మెంట్ల మధ్య దాని పేరు మాత్రం బస్సు ఆగేచోట మిగిలింది. అప్పట్లో బండలు, సీతాఫలం పొదలు, చెరువు, చెరువు మీద బతికే మా చేపలోళ్ల ఇళ్లు ఓ పన్నెండు. మా ఇంటి వాసన తంగేడు చెక్క వాసన. నూలు వల నీళ్లలో నాని కుళ్లిపోకుండా ఉండాలంటే తంగేడు చెక్కను పెద్ద కాగులో ఉడికించి, ఆ ఎర్రటి నీళ్లలో వలను నానేయాలి. ఆ పని ఉన్న రోజుల్లో మా అమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రబడేవి, ఆ చేతులతో కలిపిన అన్నం కాస్త వగరుగా ఉండేది. చుట్టాలు వస్తే ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా తంగేడు కొమ్మ విరిస్తే ఆకలేస్తుంది.

నాయనమ్మ పొద్దున్నే లేచి చెరువు నీళ్లతో మూడుసార్లు మొహం కడుక్కునేది. టీ తాగేది కాదు. "కడుపుల వేడి వడితె కండ్లు తొందర వడ్తయ్" అనేది. చుట్ట వెలిగించకుండా చెవి మీద పెట్టుకునేది, పని అయిపోయి కిందికి దిగాకే దానికి నిప్పు. ఏం పని అంటారా? చూడడం. మా ఊళ్లో అదొక పని. పెద్ద వల మీద పన్నెండు ఇళ్లకూ హక్కుండేది. దాన్ని రెండు తెప్పల మధ్య పట్టుకుని మగవాళ్లు నీళ్లలో కదలకుండా కాచుకుని ఉండేవాళ్లు. నీళ్ల మీద ఉన్నవాడికి చేపల మంద కనిపించదు, ఎత్తు నుంచి చూస్తేనే నల్లటి మచ్చలా తెలుస్తుంది. బొచ్చె చేపలు పైపైన తిరుగుతాయి కాబట్టి వాటిని పట్టాలంటే బండ మీద ఒక మనిషి ఉండాల్సిందే. అరిస్తే చేప బెదురుతుంది, నిలబడితే మనిషి నీడ నీళ్ల మీద పడుతుంది. అందుకని నాయనమ్మ బండ మీద బోర్లా పడుకుని చూసేది. ఆమె వెనక, కాస్త లోపలికి, నేను ఎర్ర తువాలు పట్టుకుని నిలబడేదాన్ని. ఆమె చెప్పినట్టు కుడికి చాస్తే తెప్పలు కుడికి, ఎడమకు చాస్తే ఎడమకు, గుండ్రంగా తిప్పితే వల వేయాలి. కిందివాళ్లకు తువాలు తప్ప మనుషులు కనిపించేవాళ్లు కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

రేవు నుంచి పైకి పావుగంట నడక, నాయనమ్మతో అయితే అరగంట, ఎందుకంటే ఆమె ప్రతి మలుపులోనూ ఆగి చెరువును ఒకసారి చూసేది. మొదట వలలు ఆరేసే బండలు. తర్వాత ఈగల సందు, రెండు పెద్ద రాళ్ల మధ్య ఒక్క మనిషి పట్టే ఇరుకు. చేపల బుట్టలు ఆ సందులోంచే మోసేవాళ్లు కాబట్టి ఈగలకు అది అత్తారిల్లు. ఆ తర్వాత ఏనుగు వీపు, నున్నటి రాయి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని పాకాలి. అది దాటితే కొస. అక్కడి నుంచి నీళ్ల దాకా రెండు తాటిచెట్ల ఎత్తు, కిందికి చూస్తే నా అరికాళ్లు జివ్వుమనేవి. నాయనమ్మ నా లంగా అంచును తన కొంగుకు ముడివేసుకునేది. ఇద్దరం పడితే ఇద్దరం పడదామని నవ్వేది.

బండ మీద మనిషికి ఒక మర్యాద ఉండేది. వల లాగగానే మొదట చేతికందిన చేపను బుట్టలో వేయకుండా గడ్డి మీద విడిగా పెట్టేవాళ్లు. దాన్ని బండ చేప అనేవాళ్లు, అది నాయనమ్మది. చిన్నదైనా పెద్దదైనా అదే, మార్చడానికి లేదు. దాన్ని ఆమె కొత్త చింతపండు పులుసులో, మెంతిపొడి కాస్త ఎక్కువగా వేసి వండి, ముందు నాకు పెట్టేది. తోక ముక్క నాది. ఇప్పుడు కొండాపూర్‌లో ఏసీ షాపులో కోసి, కడిగి, డబ్బాలో పెట్టిచ్చే చేపను నేను ఎంత పులుసు పెట్టినా ఆ రుచి రాదు. చేపలో తేడా ఉందో, నా నాలుకలో ఉందో తెలియదు.

నాయనమ్మ నాకు నేర్పిన చదువు ఒకటే. మబ్బు నీడా, చేపల మందా పైనుంచి ఒక్కలాగే కనిపిస్తాయి. రెండూ నల్లగా, రెండూ నెమ్మదిగా కదులుతాయి. "ఉర్కకు బిడ్డా. ఒడ్డు దాక పోనియ్యి. ఒడ్డుకాడ మల్లితె చేప. ఒడ్డెక్కితె మబ్బు" అనేది. అంతే. కానీ అలా ఓపిక పట్టడం ఎంత కష్టమో అక్కడ పడుకుని చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇక్కడే ఉన్నాయి, పోతున్నాయి, తిప్పు తిప్పు అని ఒళ్లంతా పీకుతుంది. నాయనమ్మ మాత్రం గడ్డం రాయికి ఆనించి అలాగే ఉండేది.

జంగయ్య చిన్నాయన మా తాత తమ్ముడి కొడుకు. పాతికేళ్ల వయసు, నూనె రాసిన జుట్టు, పాట పాడినట్టు మాట్లాడేవాడు. తెప్ప మీద నానడం వాడికి ఇష్టం లేదు, బండ మీద కళ్లు పడ్డాయి. ఒకరోజు ఒంట్లో బాగోలేదని తెప్ప ఎక్కకుండా పైకి వచ్చాడు. ఎండలో మబ్బులు తిరిగే రోజు. తూము వైపు నుంచి ఒక నల్లటి నీడ కదిలి వస్తోంది. నాయనమ్మ తల తిప్పకుండా "ఉండు" అంది. నేను ఉన్నాను. చిన్నాయన నా పక్కకు వచ్చి, ముళ్లపొదల్లో కాసే పరికి పండ్లు పిడికెడు నా లంగా ఒడిలో పోసి, "గా తువాల ఇటియ్యి పిల్లా, నీ చెయ్యి నొస్తుంటది" అన్నాడు. లాక్కోలేదు. అడిగాడు. నేను ఇచ్చాను. పండ్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. రెండో పండు నోట్లో వేసుకునేసరికి వాడు తువాలును గుండ్రంగా తిప్పేశాడు. నాయనమ్మ "అయ్యో, ఆగుర్రా!" అని లేచేసరికే వల పడిపోయింది. నీడ నింపాదిగా వల మీదుగా వెళ్లి, ఒడ్డెక్కి, పొదలెక్కి, మా మీదికి వచ్చింది. వల నీళ్లలోని రాళ్లకు పట్టుకుని అడ్డంగా చిరిగింది.

మగవాళ్లు తడి బట్టలతోనే పైకి వచ్చారు. వాళ్ల కోపం అన్యాయం అనలేను, ఆ వల బాగు చేయడానికి అందరి ఇళ్లలో ఆడవాళ్లు వేళ్లు కోసుకోవాలి. అప్పటికే తువాలు నా భుజం మీద ఉంది. ఎప్పుడు వేశాడో వేశాడు. "నేనేం జేస్త? పెద్దమ్మ తిప్పుమన్నది, పిల్ల తిప్పింది. పెద్దమ్మ కండ్లు పోయినయ్" అన్నాడు చిన్నాయన. నాయనమ్మ "నేను చెప్పలే. వీడు తిప్పిండు" అంది. ఊరి పెద్ద నా ముందు గొంతుక్కూర్చుని మెత్తగా అడిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. ఎవలు తిప్పిండ్రు?" అందరూ నన్నే చూస్తున్నారు. నాయనమ్మా చూస్తోంది. తువాలు నా చేతులతో నేనే ఇచ్చానని చెప్పాలి. నోట్లో పండు ఉంది. "నాకెరుక లేదు" అన్నాను.

మూడే మాటలు. ఆ రోజు నుంచి నాయనమ్మ బండ ఎక్కలేదు. బండ చేప చిన్నాయన ఇంటికి పోయింది. మా ఇంటికి 'మబ్బు సత్తెమ్మ ఇల్లు' అని పేరు పడింది. బావి దగ్గర ఆడవాళ్లు ఆకాశం వైపు చూసి "ఇయ్యాల చేపలు మస్తున్నయ్" అని నవ్వేవాళ్లు. నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే, వీపు మీద రెండు వేసి ఉంటే, నా బతుకు ఇంకోలా ఉండేది. పొద్దున్నే లేచి మూడుసార్లు మొహం కడుక్కుని, చుట్ట చెవి మీద పెట్టుకుని, ఎక్కడికీ వెళ్లకుండా గడపలో కూర్చునేది. పోయేదాకా అలాగే కూర్చుంది. ఆమె కళ్లు పోలేదు. పోయేముందు కూడా, వాకిట్లో దూరంగా వస్తున్నదెవరో అందరికంటే ముందు చెప్పేది.

బండ ఎక్కినవాడి మాటకు ఊళ్లో విలువ. ఆ విలువతో చిన్నాయన పెద్దమనిషయ్యాడు. భూములకు రెక్కలొచ్చిన రోజుల్లో ఎవరి పొలం ఎవరికి అమ్మాలో ఆయనే చూపించాడు. ఇప్పుడు మాదాపూర్‌లో ఆయనకు హాస్టల్ భవనాలున్నాయి. నేను చేయగలిగిన పగ ఏముంది? ఆయన మజ్జిగలో ఉమ్మేశాను, పదేళ్లప్పుడు. ఆయన కూతురి పెళ్లికి వెళ్లి విస్తరి ముందు కూర్చుని, తినకుండా లేచి వచ్చాను, నలుగురూ చూసేలా. ఆయన మనవడు నా క్లాసులోకి వచ్చాడు. వాడిని ఫెయిల్ చేద్దామని ఎంత ఆశపడ్డానో! పాపిష్టి వెధవ, క్లాసులో అందరికంటే బాగా రాసేవాడు. అక్షరాలు గుండ్రంగా లేవని ఒక మార్కు కోసి, ఆ రోజు హాయిగా నిద్రపోయాను. ఆయన జారిపడి తుంటి ఎముక విరిగిందని తెలిసినప్పుడు దవాఖానకు వెళ్లి చూసి వచ్చాను. పలకరించడానికి కాదు, చూడడానికే.

ఆదివారం పొద్దున సింధు నన్ను రేవు దగ్గరికి తీసుకొచ్చి, తానూ నా వెంట నడిచింది. పసుపుపచ్చ టీషర్టులు వేసుకున్న పిల్లలు ఓ ఇరవై మంది. వాళ్లను నడిపించే అబ్బాయి పేరు సుధీర్, ఏదో ఐటీ కంపెనీలో పని, మనిషి మర్యాదస్తుడు. "మాది వైజాగ్ అండి. మా ఫిషింగ్ హార్బర్ నుంచి కొండ అంచు మీదికి ఇలాంటి చిన్న దారే ఉంటుందండి. ఇక్కడికొచ్చాక అది గుర్తొచ్చి ఈ నడక మొదలెట్టానండి" అన్నాడు. రేవులో తెప్పలు లేవు. ప్లాస్టిక్ హంస పడవలున్నాయి. నీళ్లలో తుంగ వాసనకు బదులు సబ్బు నురగ వాసన. ఈగల సందును పగలగొట్టి వెడల్పు చేసి సిమెంటు పోశారు, ఒక్క ఈగ లేదు. ఏనుగు వీపు మీద మెట్లు చెక్కి ఇనుప కడ్డీలు పాతారు. మోకాళ్ల నొప్పులతో ఆ కడ్డీ పట్టుకుని ఎక్కుతూ, లోపల ఎంత తిట్టుకున్నా, అది లేకపోతే నేను పైకి వెళ్లేదాన్ని కాదు. దారిలో సుధీర్‌కు నాయనమ్మ కథంతా చెప్పాను. ఒక్కచోట మార్చాను. తువాలును చిన్నాయన నా చేతిలోంచి లాక్కున్నాడని చెప్పాను.

సుధీర్ మొహం చిన్నబోయింది. "నాకు తెలియదండి. జంగయ్యగారే చెబితే రాశామండి. ఆయన ప్రతి ఆదివారం వస్తారు, పైనే ఉంటారండి" అన్నాడు.

ఉన్నాడు. బండ వెనక వైపు ఇప్పుడు కారు దారి పడింది. కొసకు కాస్త ఇవతల కుర్చీలో, తెల్ల పంచె, నల్ల కళ్లద్దాలు, ఒళ్లో ఎర్ర తువాలు. కొత్తది, ఇస్త్రీ మడతలు పోలేదు. పిల్లలు చుట్టూ చేరి "తాతా, చేపలు చూపించవా?" అని గోల చేశారు. అది ప్రతి వారం ఆడే ఆట అని అర్థమైంది. ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. అవతలి ఒడ్డున అద్దాల భవనాలు ఎండను తిరిగి నీళ్ల మీదికే విసురుతున్నాయి. తూము వైపు నుంచి నల్లటి నీడ ఒకటి కదిలింది.

"అగో! సూడుండ్రి, అగో బొచ్చెల మంద. నా కండ్లకు తప్పదు" అని ఆయన తువాలు ఎత్తాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"ఉండుండ్రి" అన్నాను. "ఉర్కకుండ్రి. ఒడ్డు దాక పోనియ్యుండ్రి."

ఆ గొంతు నాది కాదు. పిల్లలు నా వైపు చూసి, మళ్లీ నీళ్ల వైపు చూశారు. నీడ వచ్చింది. హంస పడవల మీదుగా వచ్చింది. ఒడ్డు దగ్గర మళ్లలేదు. ఒడ్డెక్కింది. సిమెంటు దారి ఎక్కింది, కడ్డీలు దాటింది, పసుపు టీషర్టుల రంగు మార్చింది, బోర్డు మీది చేప బొమ్మను కప్పింది, తెల్ల పంచె మీదికి వచ్చి ఆగినట్టే ఆగింది. నా మెడ మీద చల్లగా తగిలింది.

"చిన్నాయనా" అన్నాను. "నీ చేపలు ఒడ్డెక్కినయ్. బండెక్కి నీ ఒళ్లె కూసున్నయ్."

ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నేను దగ్గరికి వెళ్లి, వంగి, ఆయన చెవిలో కాదు, అందరికీ వినపడేలా అన్నాను. "నీ కండ్లు పోయినయ్." ఆ మాటను అన్నేళ్లు నోట్లో పెట్టుకుని తిరిగాను. అబద్ధమెందుకు, తియ్యగా ఉంది. ఎనభై దాటిన మనిషికి చూపు ఆనకపోవడం తప్పా అని మీరు అడగవచ్చు. అడగండి. మా నాయనమ్మను ఎవరూ అడగలేదు.

ఆయన కళ్లద్దాలు తీశాడు. కళ్లల్లో తెల్లటి పొర. గొంతు వైపు మొహం తిప్పి, "ఎవలు? సత్తెమ్మ పెద్దమ్మ మనుమరాలా? ఆండాలువా?" అన్నాడు. నా పేరు ఆయనకు గుర్తుంటుందని నేను అనుకోలేదు. "మంచిగ దొరకవట్టినవ్ బిడ్డా. మల్ల ఆ దినం నాకు తువాల ఎవలిచ్చిండ్రే?"

నవ్వులు ఆగిపోయాయి. సుధీర్ నా వైపు చూశాడు. సింధు నా వైపు చూసింది. మళ్లీ అందరూ నన్నే చూస్తున్నారు. ఈసారి నోట్లో పండు లేదు. లాక్కున్నావని ఒక్క మాట అంటే చాలు, నమ్మడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ముసలాయన మాట ఎవరు వింటారు, ఇప్పుడే కదా మబ్బును చేప అన్నాడు. సరిగ్గా ఇలాగే కదా ఆ రోజు మా నాయనమ్మ మాట ఎవరూ వినలేదు.

"నేనే ఇచ్చిన" అన్నాను. కడ్డీ పట్టుకున్నాను. "పిడికెడు పరికి పండ్లకు ఇచ్చిన. అడిగితె ఎరుక లేదన్న. సుధీర్, ఇందాక నీకు అబద్ధం చెప్పాను."

సుధీర్ బోర్డు వైపు తిరిగాడు. "మరి బోర్డు మీద ఏం రాయమంటారండి?"

"సత్తెమ్మ బండ అని రాయి. కింద, చూసింది సత్తెమ్మ, తిప్పింది జంగయ్య, తువాలిచ్చింది ఆండాలు అని రాయి. ఆ చేప బొమ్మ తీసేయి."

"నా పేరు ఎందుకే ఇగ" అన్నాడు చిన్నాయన. గొంతులో పాట లేదు.

"ఉండాలె. నా పేరు పక్కనే ఉండాలె" అన్నాను.

తువాలు ఇంకా ఆయన చేతిలోనే ఉంది, పైకి ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయినట్టున్నాడు, అది గాలికి కొద్దికొద్దిగా ఆడుతోంది. నేను చెయ్యి చాచాను.

"గా తువాల ఇటియ్యి చిన్నాయనా. నీ చెయ్యి నొస్తుంటది."

ఇచ్చాడు.